అడగకుండా వచ్చిన చిట్టీ

అరవై ఏళ్ళు ఎవరినీ ఏదీ అడగకుండా బతికాను. గొప్ప కోసం చెప్పడం లేదు. మా ఇంట్లో అది అలవాటు. ఆత్మకూరు వైపు ఒక ఊళ్ళో సగం భూమి మా తాతది. ఆయన మంచినీళ్ళు కూడా అడిగి తాగలేదట. గొంతు సవరించుకుంటే చెంబు వచ్చేదట. మా నాన్న కాలానికి భూమి పోయింది, చెంబు తెచ్చేవాళ్ళూ పోయారు. నా వంతుకు ఇరవై గుంటల పొలమూ, నిటారుగా కూర్చునే నడుమూ వచ్చాయి. గుంటలు అమ్మేశాను. నడుము ఇంకా అలాగే ఉంది.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి మానేశాను. పింఛను లేదు. మా అన్న పోయినప్పటి నుంచి వదిన నాతోనే ఉంటోంది. ఆమెది కోదాడ. ఇద్దరం రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉంటాం. ఇరవై గుంటలు అమ్మిన డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేశాను. దాని మీద నెలనెలా వచ్చే వడ్డీ సరిగ్గా మా కిరాయికి సరిపోయేది. మిగతా ఖర్చు వదిన కుట్టు మిషను, నేను సాయంత్రాలు చెప్పే నాలుగు ట్యూషన్లు చూసుకునేవి. నేనైతే దాన్ని వడ్డీ అని కూడా అనుకోలేదు. మా పొలమే వచ్చి మా కిరాయి కడుతోందనుకునేదాన్ని.

డిపాజిట్ గడువు తీరి మళ్ళీ వేయడానికి వెళ్తే, కౌంటర్ దగ్గరి కుర్రాయన కంప్యూటర్ వైపు చూస్తూ, "ఇప్పుడు రేట్లు తగ్గినయ్ మేడం" అన్నాడు. ఎంతకు తగ్గాయని నేను అడగలేదు. ఆయనే కాగితం మీద రాసి చూపించాడు. ఇంటికొచ్చి వదినా నేనూ లెక్క వేసుకుంటే నెలకు తొమ్మిది వందలు తక్కువ పడుతోంది.

తొమ్మిది వందలే కదా అనిపిస్తుంది. కానీ అది తెలిసిన మర్నాడే వదిన తమ్ముడు కోదాడ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉందట, బాత్రూం వేరే ఉందట, మేమిద్దరం వచ్చి ఉంటే కిరాయి బాధే ఉండదట. మంచివాడు. మంచితనంతోనే పిలిచాడు. వదినకు అది తోడబుట్టినవాడి ఇల్లు. నాకు మాత్రం మా అన్న అత్తవారి పంచ. అక్కడ పొద్దున్నే కాఫీ ఎవరో తెచ్చిపెడితే తాగాలి, తేకపోతే ఊరుకోవాలి. ఈ సూర్యాపేట పోర్షన్ నిలబడితే నేను నా ఇంట్లో ఉన్నట్టు, పడిపోతే లేనట్టు. నాకు ఉన్న చింతంతా అదే.

ఉపాయం వదినే చెప్పింది. మిర్యాలగూడలో ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఒకావిడ చీరల మ్యాచింగ్ షాపు నడుపుతుంది, దానితో పాటు చిట్టీ కూడా నడుపుతుంది. రిజిస్ట్రేషన్ చేయించిన చిట్టీ, ఆ కాగితం షాపు గోడకు ఫ్రేము కట్టి ఉంటుంది. ఇరవై మంది, ఇరవై నెలలు, మనిషికి నెలకు పది వేలు. డిపాజిట్‌ను కదపకుండా, జబ్బుకో జ్వరానికో అని విడిగా ఉంచుకున్న రెండు లక్షల్లోంచి నెలనెలా ఇందులో కడదామంది.

"నేనెవర్నీ అడగాల్సిన పని ఉండొద్దు వదినా" అన్నాను.

"నువ్వేం అడగక్కర్లేదమ్మాయ్. వెళ్ళి కూర్చుంటే చాలు."

ఆ మాటను నేను నాకు తోచినట్టు అర్థం చేసుకున్నాను. పెద్దవాళ్ళం కాబట్టి మన వంతు రాగానే వాళ్ళే వచ్చి, "ఈ నెల మీరు తీసుకోండమ్మా" అంటారనుకున్నాను. ఇందులో నవ్వుకోవాల్సినదేదీ నాకు అప్పుడు కనిపించలేదు. నేను పెరిగిన ఇంట్లో పెద్దవాళ్ళకు వస్తువులు అట్లాగే వచ్చేవి.

మొదటి నెల చిట్టీ నడిపే ఆమెదే, అది పద్ధతి. రెండో నెల, మొదటి ఆదివారం, గంజి పెట్టిన చీర కట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. డబ్బు ఫోన్‌లో పంపితే సరిపోతుందన్నారు. డబ్బు చేతికివ్వడమే మర్యాద అని నేనే వెళ్ళాను. మిర్యాలగూడలో దిగగానే రైసు మిల్లుల వాసన, ఉడికిన వడ్ల వాసన. ఆ వాసన నాకు ఇప్పటికీ ఆదివారం వాసనే.

షాపులో జాకెట్ ముక్కల థాన్ల మధ్య చాప పరిచారు. పదిహేను మందికి పైగా ఆడవాళ్ళు. షాపామె గడియారం చూసి, "షురూ జేద్దామా?" అంది. అంతే, చాప మీద సంత మొదలైంది.

"పదిహేను!"

"ఇరువై!"

"ఇరువై అయిదు! నా బిడ్డ ఫీజున్నదే, జర ఆగుర్రి!"

"నీకొక్కదానికే ఉన్నరా బిడ్డలు? ముప్పై!"

మెల్లగా అర్థమైంది. రెండు లక్షల్లో ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే ఆ నెల డబ్బు వాళ్ళకు. వదులుకున్న దాంట్లో షాపామె కమీషన్ పోగా మిగిలింది అందరికీ సమానంగా పంచుతారు. అంటే పది వేలు కట్టాల్సిన చోట ఎనిమిదిన్నరో తొమ్మిదో కడితే చాలు. డబ్బు కావాల్సిన వాళ్ళు అరుస్తారు, అక్కర్లేని వాళ్ళకు మిగులు దక్కుతుంది.

నేను అరవలేదు. గోడకు ఆనుకోకుండా కూర్చుని, ఎవరు వచ్చి నన్ను అడుగుతారా అని చూశాను. ఎవరూ అడగలేదు. టీ ఇచ్చారు. టీ బాగుంది.

సాయంత్రం ఇంట్లో వదిన తలుపు దగ్గరే పట్టుకుంది.

"నువ్వు నోరు విప్పలేదంటగా? ఫోన్ చేసి చెప్పింది అది."

"నన్నెవరూ పిలవలేదు కదా వదినా."

"పిలవడమేంటమ్మాయ్? అదేమన్నా పెళ్ళి భోజనమా, పేరు పెట్టి పిలిచి విస్తరి వెయ్యడానికి?"

"నేను మాత్రం పదిమందిలో నాకు కావాలి అని కేక వెయ్యను."

"వెయ్యకు తల్లీ. దొరసానివి. ఇంతకీ ఎంత మిగిలింది?"

సంచీలో నుంచి తీసి చూపించాను. వెయ్యి రూపాయలు. కిరాయిలో తక్కువైన తొమ్మిది వందలు పోను ఇంకో వంద. వదిన ఆ వంద నోటు తీసుకెళ్ళి మల్లెపూలూ మైసూరుపాకూ తెచ్చింది. ఆ రాత్రి ఇద్దరం పెళ్ళివారిలా కూర్చుని తిన్నాం.

అట్లా నెలలు గడిచాయి. ప్రతినెలా గంజి చీర, బస్సు, ఉడికిన వడ్లు, కేకలు, మధ్యలో నేను. ప్రతినెలా ఈసారైనా పిలుస్తారేమోనన్న ఆశ, పిలవలేదన్న చిన్న చిరాకు, సంచీలో మిగులు. చిరాకు నల్లగొండ జిల్లా దాటి సూర్యాపేట చేరేలోపు తగ్గిపోయేది.

ఏడో నెలలో పరిస్థితి బిగిసింది. ఇంటాయన కిరాయి ఐదు వందలు పెంచాడు. అదే వారం మా వీధిలో ఇంకెవరిదో చిట్టీ మూతపడిందని పుకారు లేచింది. కోదాడలో వదిన తమ్ముడు మేడ మీది గదికి సున్నం కూడా వేయించాడట. వదినకు భయం పట్టుకుంది.

"అమ్మాయ్, నా మాట విను. ఈ నెల పాట పాడి డబ్బు ఎత్తేసుకో. కొంత పోతే పోయింది. చేతిలో ఉంటే ధైర్యం. 'నలభై' అను. ఒక్క మాట. నలభై."

బస్సులో దారంతా నలభై, నలభై అనుకుంటూ వెళ్ళాను. పక్క సీటులో ఆమె నన్ను చూసి, "ఎన్ని కిలోలమ్మా?" అంది.

అది బళ్ళు తెరిచే నెల. షాపులో పోటీ మామూలుగా లేదు. నిడమనూరు నుంచి వరి రైతు ఒకామె వస్తుంది, ఆమెకు బోరు మోటారు కాలిపోయింది. దవాఖానలో నర్సు ఒకామెకు కొడుకు కాలేజీ ఫీజు. ఇద్దరూ ముప్పైలోనే మొదలుపెట్టారు.

"ముప్పై అయిదు."

"ముప్పై ఎనిమిది. అక్కా, నారుమడి ఎండుతున్నది, ఇడిసిపెట్టు."

"నీ నారు ఎండితే మల్ల పోసుకుంటవు, నా కొడుకు సీటు పోతే ఏడ తేను?"

ఇప్పుడే అనాలి అనుకున్నాను. నడుము ఇంకా నిటారు చేశాను. నోరు తెరిచాను. మాటకు బదులు గొంతులో ఏదో అడ్డం పడి, గట్టిగా సవరించుకున్నాను. వెంటనే అందరూ ఆగిపోయారు. షాపామె కంగారుగా లేచి, "టీచరమ్మకు నీళ్ళియ్యుర్రి!" అంది. ఎవరో స్టీలు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టారు. మా తాత గుర్తొచ్చి నవ్వొచ్చింది. నీళ్ళు తాగేలోపు నిడమనూరామె యాభైకి పాడి ఎత్తుకుపోయింది.

అంతవరకు ఎవరూ యాభై వేలు వదులుకోలేదు. ఆ నెల మనిషికి రెండు వేలు మిగిలింది. పెరిగిన కిరాయితో కలిపి తక్కువైనది పద్నాలుగు వందలే.

ఇంట్లో వదిన ఆ రెండు వేలూ రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత, "ఏమన్నావ్ అక్కడ?" అని అడిగింది.

"దగ్గాను."

"వచ్చే నెల కూడా దగ్గు" అంది.

మర్నాడు కాగితం, పెన్ను పట్టుకుని మొదటిసారి లెక్క పూర్తిగా వేసి చూశాను. చిట్టీని ముందు ఎత్తుకున్నవాళ్ళు నిజానికి అప్పు తీసుకున్నట్టు. ఆఖరి దాకా ఆగినవాళ్ళు డిపాజిట్ వేసినట్టు. నేను అభిమానంతో నోరు మూసుకుంటే అది పొదుపు అయింది. అప్పుడు నా మీద నాకే వచ్చిన నవ్వు వదినకు చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత మిగులు ఎక్కడిదో తెలిసే కూర్చున్నాను. అయినా ఒకరు వచ్చి నన్ను పిలవాలన్న కోరిక మాత్రం పోలేదు.

ఆఖరి నెలల్లో పాడేవాళ్ళు తగ్గారు, మిగులు మూడు నాలుగు వందలకు పడిపోయింది. వదిన రెండు జాకెట్లు ఎక్కువ కుట్టింది, నేను ఇంకో ట్యూషన్ ఒప్పుకున్నాను. గట్టెక్కాం.

ఇరవయ్యో నెల. చాప మీద అందరూ ఉన్నారు, ఎవరూ అరవలేదు. అందరూ ఎత్తుకున్నారు, మిగిలింది నేనొక్కదాన్ని. షాపామె లేచి నా దగ్గరకు నడిచి వచ్చింది. రెండు చేతులా కవరు పట్టుకుని, "ఈ నెల పాట లేదు. ఇది మీదే. తీసుకోండి టీచరమ్మా" అంది.

షాపామె కమీషన్ పోగా లక్షా తొంభై వేలు. నేను చేతి నుంచి కట్టింది దానికి పద్నాలుగు వేలు తక్కువ. బ్యాంకు ఇచ్చేదాని కన్నా బాగానే ఎక్కువ పడింది. కానీ అప్పుడు నా మనసులో ఆ లెక్క లేదు. ఆవిడ నడిచి వచ్చి ఇచ్చింది, అదే ఉంది.

"మా అందరి కండ్లల్ల మన్ను కొట్టింది సూడు టీచరమ్మ" అంది నర్సు నవ్వుతూ. "మేమందరం అరిసినం, ఆమె సప్పుడు జెయ్యక గెలిసింది. లెక్కల టీచరా మేడం మీరు?"

"తెలుగు" అన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఇంటి మీద కొత్త అంతస్తు పని మొదలైంది. వదిన కవరు చేతిలో బరువు చూసుకుంటూ పైకి చూసింది.

"అమ్మాయ్, పైన ఇంటాయన స్లాబుకు డబ్బు కోసం అటూ ఇటూ తిరుగుతున్నాడు. లక్షన్నర అడ్వాన్సు ఇస్తామంటే కిరాయి తగ్గిస్తాడేమో అడుగు. మళ్ళీ బ్యాంకులో పడేస్తే ఏమొస్తుంది?"

"నువ్వడుగు వదినా."

"డబ్బు నీ పేరున, కిరాయి కాగితం నీ పేరున. కోదాడ వెళ్ళడానికి ఏడ్చేది నువ్వు. నేనెందుకడుగుతా?"

మెట్లెక్కాను. పైన ఇనుప చువ్వలు, ఇసుక, కాంక్రీటు కలిపే మిషను. ఇంటాయన మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. దగ్గరికెళ్ళి, ఇరవై నెలలుగా పైకి లేవని గొంతుతో మెల్లగా చెప్పాను.

"ఏంది టీచరమ్మా? ఇనవడ్తలే!"

ఇంకాస్త గట్టిగా చెప్పాను. మిషను గడగడమంది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. నాకు రోషమొచ్చింది. ఊపిరి నిండా పీల్చుకుని, మేస్త్రీ సరిగ్గా మిషను ఆపిన క్షణంలో, "మీకు లక్షన్నర ఇస్తాను! నాకు కిరాయిలో పదిహేను వందలు తగ్గించండి! నాకు కావాలి!" అని అరిచాను.

వీధి వీధంతా పైకి చూసింది. ఎదురింటామె బియ్యం చాట పట్టుకుని బయటికొచ్చింది. కింద మా గుమ్మంలో వదిన కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

"పన్నెండొందలు జేస్త" అన్నాడు ఇంటాయన.

"పదిహేను."

"గింత గట్టిగ అడిగినంక కాదంటనా టీచరమ్మా? గట్లనే కానియ్యి. కాగితం రాసుకుందాం."

రాసుకున్నాం. ఇల్లు ఖాళీ చేసిన రోజు అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వాలని కూడా రాయించాను. లక్షన్నర మీద నెలకు పదిహేను వందలు ఏ బ్యాంకూ ఇవ్వదు. ఇప్పుడు డిపాజిట్ వడ్డీ కిరాయికి సరిపోయి ఇంకో వంద మిగులుతోంది.

నేను కిందికి దిగేసరికే వదిన ఫోన్ చెవిన పెట్టుకుని ఉంది.

"ఒరేయ్, ఆ మేడ మీద గది ఎవరికైనా కిరాయికి ఇచ్చుకోరా. మేం రావట్లేదు... ఆఁ, తగ్గించాడు. మా అమ్మాయే అడిగింది... ఎవరేంటి, మా దొరసానే!... గట్టిగానా? ఏం, నీకు కోదాడలో వినబడలేదా?"