జీపులో పోతే దొరకని గర్‌గర్

మహబూబ్‌నగర్‌లో పొద్దున ఐదున్నర బస్సెక్కాం. మా ఇంటాయన వైర్‌లెస్ మెకానిక్. మరమ్మతు పనులకు ఎప్పుడూ ఆఫీసు జీపులో పోతాడు. ఆ సోమవారం జీపు మూలకు పడింది. "బస్సుల పోతున్నవ్ కద, నేను గూడ వస్త" అని చెప్పులేసుకున్నాను. వద్దనే ఓపిక ఆయనకు లేదు. నౌకరి మీదికి వచ్చి ఉంది మరి.

సంగతేమంటే, మా ఊళ్ళో వైర్‌లెస్‌లో మాట్లాడితే కృష్ణ ఒడ్డున కట్ట కడుతున్న జాగా దాకా నేరుగా వినిపించదు. దేవరకొండకు ఇవతల ఒక గుట్ట మీద పెట్టిన యంత్రం మాటను అందుకొని అటు పంపుతుంది. రెండు నెలలుగా సోమవారం నుంచి బుధవారం దాకా పగలంతా మాట బదులు గర్‌గర్. ఈయన మూడుసార్లు జీపులో పోయాడు. మూడుసార్లూ యంత్రం చిలకలా మాట్లాడింది. "ఈసారి గూడ బాగనే ఉందని రాసుకొస్తె నీ జాగల ఇంకొకన్ని చూసుకుంట" అన్నాడట పెద్ద సారు.

కల్వకుర్తికి టికెట్ తలా రూపాయిన్నర. నా పక్కన కోళ్ళ గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. ఈయన ఒళ్ళో పెట్టె మీదే ఆమె కన్ను.

"ఏందయ్యా, ఆ పెట్టెల?"

"వినరాని వైర్‌లెస్‌ను బాగుచేసే సామాను, అవ్వా."

"మా ముసలోనికి గూడ వినరాదు. జర చూస్తవా?"

బస్సంతా నవ్వింది. ఈయన కిటికీ వైపు తిరిగాడు. "ఎప్పటి సంది, అవ్వా?" అని నేనే అడిగాను.

"నాతోని లగ్గమైన కాన్నుంచి."

ఎనిమిదింటికి కల్వకుర్తి. బస్టాండు ముందు హోటల్లో మిర్చీలు తినండి, చాయ్ మాత్రం తాగకండి. ఎనిమిదిన్నరకు దేవరకొండ బస్సు. పదిన్నరకు కండక్టరు మమ్మల్ని ఒక మలుపు దగ్గర దింపాడు. అక్కడి నుంచి పైకి గంటన్నర నడక. దారిలో బావి లేదు, నీళ్ళు వెంట ఉండాలి. సగం దూరంలో నా చెప్పు తెగింది. నెత్తిన పెట్టె, చేతిలో నా చెప్పులతో ఎక్కాడు మా ఆయన. ఎవరూ చూడలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పైన ఒక రేకుల గది, రెండు ఇనుప కంబాల నడుమ పొడుగాటి రాగితీగ, పక్కన కావలి మల్లయ్య గుడిసె. ఈయన గదిలోకి ఉరికి యంత్రానికి చెవి ఆనించాడు. "గర్‌గర్ దొరికిందే!" అని కేక. మా పెండ్లినాడు కూడా అంత సంబరపడలేదు.

నేను మాత్రం బయట ముక్కు ఎగబీల్చాను. రాయి మీద నిలబడితే చేతికందే తీగ కొసన, కంబం దాకా, ఉప్పూ పసుపూ పూసిన మాంసం ముక్కలు వరుసగా వేలాడుతున్నాయి. ఎండబెట్టి దాచుకునే ఒట్టి తునకలు! మల్లయ్య భార్య కొంగుతో ఈగలు తోలుతోంది.

"ఎన్నొద్దులు ఎండబెడ్తవ్, అవ్వా?"

"మూడొద్దులు, బిడ్డా. పొద్దుగూకితె లోపల పెడ్త. ఆదివారం ఊర్ల మేకను కోస్తరు. గీ తీగైతే కుక్కకందదు."

సోమ, మంగళ, బుధ. నేను వేళ్ళు మడిచాను.

"మరి మా ఆయన జీపుల వస్తె ఎన్నడు కనవడలేదట?"

"జీపు దుమ్ము కిందనే కనవడ్తది గద! సారొస్తుంటె కూర ఏలాడదీస్తమా? మర్యాద ఉండొద్దా? అన్ని బుట్టలకు తీసి, తీగ గూడ సుబ్బరంగ తుడుస్త."

నేను రాయి మీదే కూలబడి నవ్వాను. ఈయన వచ్చి చూసి, తీగను కంబానికి అంటనీయని పింగాణీ గుండు మీద పడుకున్న తునకను ఒక్కటి లాగాడు. అది తీయగానే గదిలోంచి పెద్ద సారు గొంతు, "హలో! హలో!" నేను తునకను మళ్ళీ అక్కడే వేశాను. గర్‌గర్. తీశాను. "హలో!" పెద్ద సారు నోరు అలా రెండుసార్లు మూశాను. మూడోసారి మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

గుడిసెలోంచి వచ్చిన మల్లయ్య మాత్రం నవ్వలేదు. "సారూ, గిది రాస్తె నా నౌకరి పోతది."

"రాయకుంటె నాది పోతది" అన్నాడు ఈయన, కలం పట్టుకొని.

"జరుగు, నేను చెప్త" అన్నాను. నాలుగో తరగతి చదివినదాన్ని. రాయించాను: 'తీగ కొసన పింగాణీ మీద ఉప్పు తేమ చేరినది. తుడిచితిమి. ఇకమీద చేరదు.' ఒక్క అబద్ధం లేదు. మా పెట్టె కట్టుకొచ్చిన తాడు విప్పి గుడిసెకూ రాయికీ నడుమ కట్టించాం. తునకలు అటు మారాయి.

నాలుగింటికి మలుపు దగ్గర బస్సు దొరికింది. నా ఒళ్ళో మల్లయ్య భార్య కట్టిచ్చిన తునకల మూట. వాసనకు ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగాడు.

"మన గుట్టల మీద ఉప్పు యాడికెల్లి వచ్చిందని సారు అడిగితె?" అన్నాడు ఈయన.

"రేపు బువ్వకు పిలువు. అడిగే నోట్లె తునక ఉంటది."

మీరూ ఆ గుట్టకు పోతే బస్సులో పోయి, నడిచి ఎక్కండి. జీపులో పోతే అక్కడ మర్యాద ఒక్కటే కనిపిస్తుంది.