పెదవి లాగి చూసిన నాలుగు రోజులు

1994 జూన్‌లో పటాన్‌చెరులోని ఒక కార్మికుల ఆసుపత్రిలో చిగుళ్ల సర్జన్‌గా చేరాను. అంతకుముందు చిగురు అతుకులు వేశానంటే కాలేజీలో, పక్కన ప్రొఫెసర్ ఉండగా వేసినవే. ఇక్కడ నేనొక్కదాన్నే.

మొదటి కేసు యాదమ్మ. ఇస్నాపూర్ మనిషి, పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. కింది ముందుపన్ను దగ్గర చిగురు దిగిపోయి వేరు బయటపడింది. అంగిలి నుంచి పలచటి కండపొర తీసి అక్కడ అతకాలి. లేకపోతే ఆ పన్ను నిలవదు.

కొయ్యడమే గొప్ప అనుకుంటారు గానీ అసలు పని కుట్టుది. పై రెండు మూలల్లో సన్నని పట్టుదారంతో చెరొక కుట్టు వేస్తాం. తర్వాత ఎముకను అంటిపెట్టుకున్న పొరలోంచి దారం తీసి, అతుకు మీదుగా తెచ్చి, పన్ను మెడ చుట్టూ తిప్పి ముడేస్తాం. అతుకు కదిలితే కింద నెత్తురు చేరి చచ్చిపోతుంది. చివర్లో ఒక్కసారి పెదవి లాగి, కదలడం లేదని చూసుకుని, పైన ప్యాక్ అనే మందుముద్ద పెడతాం.

రెండో రోజే ప్యాక్ ఊడింది. అతుకు పాలిపోయి ఉంది. మొదట్లో అలాగే ఉంటుందని పరీక్షలో రాసినదాన్నే, అయినా భయం తగ్గలేదు. కళ్లముందు ఉండాలని మళ్లీ ప్యాక్ పెట్టకుండా రోజూ రమ్మన్నాను. ఆమె షిఫ్టు మార్చుకుని వచ్చేది. రాగానే పెదవి లాగి చూసేదాన్ని.

అయిదో రోజు ఎడమ మూల కుట్టు చిగురును చీల్చుకుని వచ్చేసింది. గట్టివి తిన్నావా, వేపపుల్ల పెట్టావా, ఎవరికైనా చూపించావా అని ఆమెనే నిలదీశాను.

"జావ తప్ప ఏం తాగలే మేడం. ముట్టొద్దంటిరని అద్దంల గూడ సూసుకోలే. మీరే దినాం గుంజి సూస్తున్నరు," అంది యాదమ్మ.

ఒక్కసారి చేయాల్సిన పరీక్షను నేను రోజూ చేశాను. మళ్లీ కుడదామంటే మిగిలిన ఆ కాస్త చిగురూ చిరిగేలా ఉంది. పన్ను చుట్టూ వేసిన దారం మాత్రం బిగువుగానే ఉంది. దాని మీదే భారం వేసి, ప్యాక్ పెట్టి, అది ఊడితే తప్ప వారం దాకా రావద్దన్నాను. ఆ వారంలో ఇస్నాపూర్ వెళ్లి చూసొద్దామని రెండుసార్లు బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను.

వారానికి ప్యాక్ తీస్తే అతుకు గులాబీ రంగు తిరిగి అంటుకుని ఉంది. ఎడమ మూల మాత్రం రాలిపోయింది, అంతమేర వేరు కనిపిస్తోంది. పన్ను నిలిచింది. అతుకు పాడైతే కేసు షీటులో పేషెంటు అజాగ్రత్త అని రాయడం మా వృత్తిలో అలవాటు. నేను మాత్రం "డాక్టరు పదేపదే పెదవి లాగడం వల్ల" అని రాసి సంతకం చేశాను. ఆ తర్వాత సర్వీసంతా, ఎంత భయం వేసినా, ప్యాక్ ఊడితే కొత్త ప్యాక్ పెట్టి పంపించాను తప్ప పెదవి లాగలేదు.