కాళ్లు నా వైపే తిప్పమన్నాను

శనివారం మా అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, రేపు పోటీల ఓడితే కెజియా డాన్సు బంద్. అది గూడ ఒప్పుకుంది" అన్నాడు. కెజియా నా మనవరాలు, ఇంటర్ రెండో సంవత్సరం. ఇస్నాపూర్‌లో ఫ్యాక్టరీ కార్మికుల కిరాయి గదుల మధ్య పెరిగింది. తొమ్మిదో ఏట నుంచి వాళ్లుండే బిల్డింగు డాబా మీద పాత ఫ్లెక్సీ పరుచుకుని, బీహారు, ఒడిశా పిల్లలతో కలిసి బ్రేక్‌డాన్స్ నేర్చుకుంది. మాస్టరు లేడు. ఫోన్‌లో చూడటం, పడటం, మళ్లీ లేవటం. అన్నేళ్ల సాధనను ఒక్క ఆదివారంతో తేల్చడం నాకు నచ్చలేదు. నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఒక్క పరీక్ష తప్పిందని ఏ పిల్లనూ బడి మాన్పించలేదు. అందుకే వెంట నేనే బయలుదేరాను.

ఆదివారం, నేనుండే సంగారెడ్డిలో చర్చి పదకొండున్నరకు ముగిసింది. పటాన్‌చెరు వైపు బస్సులు తరచుగానే ఉంటాయి, ఆధార్ చూపితే ఆడవాళ్లకు ఉచితం. ముందే ఫోన్ చేసి ఉంచడంతో ఇస్నాపూర్ చౌరస్తాలో కెజియా అదే బస్సు ఎక్కింది. పటాన్‌చెరులో దిగి, పోటీ జరిగే ఫంక్షన్ హాలుకు షేర్ ఆటో పట్టుకున్నాం, మనిషికి ఇరవై.

"ఏడికి పెద్దమ్మా, పెండ్లికా?" అన్నాడు డ్రైవరు.

"డాన్సు పోటీకి."

"ఎవరు, మీరా?"

"నేనే చేస్తే నువ్వు కిరాయిలు ఇడిసిపెట్టి చూస్తవ్. ముందు రోడ్డు చూడు" అన్నాను. కెజియా పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

బ్యాటిల్ అనే ఈ పోటీలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు చెరి రెండు విడతలు ఆడతారు. ముగ్గురు జడ్జీలు తీర్పు చెబుతారు. పెద్దదాన్నని నాకు మొదటి వరసలో కుర్చీ వేశారు. కెజియాకు పోటీగా వచ్చిన సిటీ అమ్మాయి సరిగ్గా నా పక్కనే నిలబడింది. ఎదుటి మనిషిని సవాలు చేస్తూ ఆడాల్సిన ఆట ఇది. కానీ మా పిల్ల కాళ్లు రెండూ గోడ వైపే పోయాయి. ఇటు తిప్పబోయి ఆగిపోయింది. "ఏందక్కా, గోడతోని బ్యాటిలా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

విడత అయ్యాక నీళ్లిస్తూ, "ఏమైందే?" అన్నాను.

"నువ్వు ముందల కూసున్నవ్ గదా నానమ్మా. కాళ్లు నీ దిక్కు ఎట్ల తిప్పాలె?"

మా ఇంట్లో పెద్దల వైపు కాళ్లు చాపకూడదు. ఆ నియమం నాదే. ఇప్పటికీ మార్చలేదు. మైకు పట్టుకున్న అబ్బాయి ఈ మాట విని వచ్చాడు. "అమ్మా, కుర్చీ వెనుకకు జరుపుతం, ఆడ ఫ్యాను గూడ ఉంది."

"నేను జరగను. అది ఇంట్ల ముచ్చట, ఇది ఆట. కెజియా, నా మొహం కాడికి రావాలె నీ కాళ్లు."

రెండో విడతలో వచ్చాయి. గిర్రున తిరిగి, ఒంటి చేతి మీద తలకిందులుగా ఆగింది. అరిగిన బూట్ల అడుగులు రెండూ నా ముక్కుకు జానెడు దూరంలో నిలిచాయి. నేను వెనక్కి వాలలేదు. హాలు దద్దరిల్లింది.

అయినా మొదటి విడత నష్టం పూడలేదు. ఇద్దరు జడ్జీలు సిటీ అమ్మాయి వైపు, ఒకరు మా పిల్ల వైపు చెయ్యి చూపారు. కెజియా మోకాలి పట్టీలు విప్పి నా ఒళ్లో పెట్టింది. "ఇగ అయిపోయింది నానమ్మా."

అక్కడి నుంచే మా అబ్బాయికి ఫోన్ చేశాను. "ఓడింది."

"సరే, అనుకున్న మాటే గదమ్మా."

"షరతు పెట్టింది నువ్వు, ఒప్పుకున్నది అది. నన్నెవరు అడిగిన్రు? ఇగ ఆదివారాలు నా దగ్గరుంటది. చర్చి అయినంక మా డాబా మీద చేస్తది."

"చర్చోళ్లు ఏమంటరో!"

"నా కాడికొచ్చి అనుమను."

పట్టీలు తిరిగి కెజియా చేతిలో పెట్టాను. పోటీ ముగిశాక ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ గుండ్రంగా చేరి ఆడతారట. పట్టీలు కట్టుకుని అందులోకి వెళ్లింది.

పిల్లకు మర్యాద నేర్పినందుకు నాకు విచారం లేదు. అదే మర్యాద తన ఆటకు అడ్డుపడితే పక్కన పెట్టమని చెప్పాల్సిందీ నేనే, చెప్పాను. మా బంధువులు ఇది చదువుతారు. చదవనీ.

మీ పిల్లల వెంట ఇలాంటి పోటీకి వెళ్తే ఒక్క సలహా: వెనక ఫ్యాను కింద కూర్చోమంటారు, ఒప్పుకోకండి. అక్కడ గాలి బాగానే వస్తుంది కానీ మనుషుల వీపులు తప్ప ఏమీ కనిపించవు.