రైఫిల్‌కి మఖమల్ దిండు

తుపాకీతో నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, మనిషికి నిప్పు దొరికిన రోజే ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపవలసిందని మీకు అనిపిస్తుంది. కంగారు పడకండి. ఎవరూ చావలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు, ఒక్క తూటా పేలలేదు. అయినా సర్వనాశనం జరిగింది. నాశనమైంది నా పరువు.

ఈ కథ చెప్పే హక్కు నిజానికి నా భార్య కరుణది. ఎవరింటికి భోజనానికి వెళ్లినా పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి ఆమె దీన్ని ఎత్తుకునేది. చెప్పిన ప్రతిసారీ నా తుపాకీ మరి కాస్త పొడవు పెరిగేది. చివరి రోజుల్లో అది దాదాపు ఫిరంగి. నిరుడు చలికాలంలో ఆమె వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు ఇప్పుడు నన్ను చెప్పమంటున్నారు. ఆమెలా చెప్పడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఎనభైల మొదట్లో మేము డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. నేను ఒక కార్ల కంపెనీలో సీట్లు డిజైన్ చేసేవాణ్ణి. కరుణ గుంటూరులో నర్సుగా చేసి వచ్చింది. ఇక్కడి లైసెన్సు పరీక్ష కోసం ఇంట్లో కూర్చుని చదువుకునేది. ఒకరోజు పట్టపగలు మాకు రెండిళ్ల అవతల దొంగలు పడ్డారు. టీవీ, వెండి చెంచాలు పట్టుకుపోయారు. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి కరుణ ముందు తలుపుకి సోఫా అడ్డం పెట్టుకుని కూర్చుంది. అది జరపడం ఇద్దరి వల్లా కాలేదు. నా ఇంట్లోకి నేను కిటికీలోంచి దూరాను.

“ఏవండీ, మీరు పొద్దున్నే వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే వస్తారు. ఇక్కడ కేకేస్తే పలికేవాడు లేడు. పక్కింటావిడ ‘హాయ్’ అని తలుపేసుకుంటుంది. నేను హ్యూస్టన్ వెళ్లిపోతా. అన్నయ్య దగ్గరుండి ఎగ్జామ్ రాసుకుంటా.”

“ఎగ్జామ్ అయ్యాక?”

“పాసైతే జాబ్ కూడా అక్కడే వస్తుంది.”

“మరి నేను?”

“మీరు క్రిస్మస్‌కి రండి.”

పెళ్లయి రెండేళ్లు తిరగలేదు. భర్త నుంచి చుట్టంగా దిగిపోవడానికి నేను సిద్ధంగా లేను. నెలాఖరు దాకా ఆగమని బతిమాలాను. ఈలోపు ఇంట్లో ధైర్యంగా ఉండగలిగితే ఉంటానంది, లేకపోతే టికెట్ కొనమంది.

మర్నాడు ఆఫీసులో సుందరరావుకి చెప్పాను. తెనాలివాడు. నాకంటే నాలుగేళ్ల ముందు అమెరికా వచ్చాడు కనుక సర్వజ్ఞుడు.

“ఇంతేనా? ఒక రైఫిల్ కొనవోయ్ ప్రకాశం. సింపుల్. ఇంట్లో రైఫిల్ ఉంటే చెల్లెమ్మ నిశ్చింతగా చదువుకుంటుంది.”

“ఆవిడకి పేల్చడం రాదు.”

“నీకు?”

“నాకూ రాదు.”

“ఆ సంగతి దొంగకి నువ్వు చెబుతావా ఏమిటి?”

శనివారం ఇద్దరం తుపాకుల కొట్టుకి వెళ్లాం. గోడల నిండా దుప్పుల తలలు. వాటిని చంపినవాళ్ల కంటే నన్ను చూసే అవి ఎక్కువ బాధపడుతున్నట్టు కనిపించాయి. కొట్టాయన ఒక పొట్టి రైఫిల్ తీసి బల్ల మీద పెట్టాడు. నల్లటి ఇనుప గొట్టం, చెక్క పిడి, అంతే. “ఇంట్లోకైతే ఇది సరిపోతుంది” అన్నాడు.

నేను మనిషినైతే అక్కడ “సరే” అని ఉండేవాణ్ణి. కానీ నేను డెట్రాయిట్ కార్ల వాణ్ణి. మా లోకంలో ఉత్త కారు కొనడమంటే తలకి నూనె రాసుకోకుండా పెళ్లిచూపులకి వెళ్లడం. ఏసీ, స్టీరియో, పవర్ కిటికీలు, పై కప్పుకి వినైల్ తొడుగు, ఇవన్నీ తగిలిస్తేనే అది కారు. అందుకని చాలా తెలిసినవాడిలా మొహం పెట్టి అడిగాను.

“ఇది బేస్ మోడల్ కదా? ఆప్షన్లు ఏమున్నాయి?”

కొట్టాయన మొహం విచ్చుకుంది. అంతవరకు నిలబడి మాట్లాడుతున్నవాడు నాకు కుర్చీ వేశాడు. గాజుబల్ల అడుగు నుంచి ఒక్కొక్కటే పైకి రావడం మొదలైంది.

“ఇది తుపాకీ మీద బిగించే దుర్భిణి. దీంట్లోంచి చూస్తే పొలం అవతలి గట్టున ఉన్న దుప్పి కనురెప్ప కనబడుతుంది.”

“ఇది ఉండాలోయ్” అన్నాడు సుందరరావు.

మా హాలు పొలం కాదనీ, దొంగ దుప్పి కాదనీ నాకు తోచలేదు.

“ఇది భుజానికి తగిలించుకునే తోలు పట్టీ. ఎంత దూరమైనా నడవొచ్చు.”

పడగ్గది నుంచి వంటింటికి నడవడానికి అది నాకు అత్యవసరం అనిపించింది. తరువాత, నేలమీద ఆనించి గురిచూసుకోవడానికి మడత కాళ్ల స్టాండు. పిడికి కట్టే తూటాల సంచి. గొట్టం కింద బిగించే టార్చిలైటు. ప్రతిదానికీ సుందరరావు “ఇది ఉండాలోయ్” అంటూనే ఉన్నాడు. తన ఇంట్లో అగ్గిపెట్టె కంటే ప్రమాదమైన వస్తువు ఒక్కటీ ఉండేది కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఏడు మా కార్లన్నిటిలోనూ బర్గండీ రంగు మఖమల్ సీట్ల ఫ్యాషన్. ఆఫీసులో పారేసే ముక్కలు ఇంటికి తెచ్చి, కరుణ కుట్టుమిషను మీద రైఫిల్ పిడికి ఒక దిండు కుట్టాను, గురిచూసేటప్పుడు చెంప ఒత్తుకోకుండా. దుర్భిణికి అదే బట్టతో తొడుగు చేసి, మీద బంగారు దారంతో మా ఇంటిపేరు కుట్టి, జిగురు పెట్టి అంటించాను. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అంటారు. పేల్చడం రాదు, తుపాకీకి మఖమల్ దిండు!

కరుణ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“ఇది తుపాకీయా, పెళ్లికొడుకా?”

“నీ కోసమే. ఇక హ్యూస్టన్ అక్కర్లేదు.”

“మోసి చూడనివ్వండి.” ఎత్తబోయి మళ్లీ కింద పెట్టింది. “దీన్ని ఎత్తాలంటే దొంగని కూడా ఓ చెయ్యి వెయ్యమనాలి.”

ఆమెకు నమ్మకం కలిగించాలని తరువాతి శనివారం మధ్యాహ్నం రిహార్సల్ పెట్టాను. తూటాల్లేవు. కరుణ దొంగ, వంటింట్లో ఉంటుంది. నేను పడగ్గది నుంచి వెళ్లి పట్టుకోవాలి.

“రెడీయా?” అని అరిచింది దొంగ.

“రెడీ!”

గుమ్మం దగ్గరే తోలు పట్టీ తలుపు పిడికి తగులుకుంది. విడిపించుకుని నడవాలోకి వచ్చాను. మలుపు తిరుగుతుంటే స్టాండు మీట గోడకి తగిలి కాళ్లు రెండూ టపీమని విచ్చుకున్నాయి. ఒకటి కర్టెన్లో దూరింది. లాగాను. కర్టెన్ కడ్డీతో సహా నా నెత్తిన పడింది. ఆ ముసుగులోంచే టార్చి వెలిగించాను. వెలుగు కర్టెన్‌కి తగిలి తిరిగి నా కళ్లలోకే కొట్టింది. ఎలాగో వంటింటి గుమ్మం చేరుకుని దుర్భిణిలోకి చూశాను. ఎదురుగా పెద్ద నల్లటి ఆకారం, ఒళ్లంతా గుంటలు.

“కరుణా! కదలకు! నీ వెనక ఎవడో ఉన్నాడు!”

“అది ఇడ్లీ ప్లేటండీ.”

దుర్భిణి దించి చూశాను. దొంగ స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతోంది. నాకూ ఒక కప్పు పోసి పెట్టింది.

“పాలు కాగాయి, డికాక్షన్ దిగింది, మీరు మాత్రం ఇప్పుడొచ్చారు” అంది. “నాకు పూర్వం దొంగంటేనే భయం. ఇప్పుడు మీరన్నా భయం వేస్తోంది. టికెట్ సంగతి చూడండి.”

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. దొంగ రాకముందే ఇల్లంతా పీకి పందిరి వేసిన కుక్కను నేను.

నాకు మిగిలిన ఒకే ఆశ ప్రార్థన. మా తెలుగు క్రైస్తవుల్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లోకి పెద్ద వస్తువు ఏది వచ్చినా పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేయాలి. ఇంటికి చేయించాం, కారుకి చేయించాం, ఫ్రిజ్‌కి కూడా చేయించాం. కరుణ ఈ విషయంలో గట్టి మనిషి. ప్రార్థన అవ్వందే రైఫిల్ వాడటానికి వీల్లేదంది. తూటాలు తన సూట్‌కేసులో పెట్టి తాళం వేసుకుంది. పాస్టర్ గారి నోటి మాటతోనైనా ఆమెకు ధైర్యం వస్తుందని నేను శుక్రవారం సాయంత్రానికి చర్చి సంఘం మొత్తాన్ని పిలిచాను.

పాస్టర్ దైవసహాయం గారు మెత్తని మనిషి. దీపాల వెలుగులో కాఫీబల్ల మీద పడుకోబెట్టిన రైఫిల్‌ని చూసి ఒక అడుగు వెనక్కి వేశారు.

“కొత్త వస్తువంటే టీవీ ఏమో అనుకున్నానండీ ప్రకాశరావు గారూ.”

“ఇంటి రక్షణకండీ.”

“ఆ ఎర్ర దిండేమిటండీ?”

“చెంపకండీ.”

ఆయన కళ్లు మూసుకున్నారు. అందరం తలలు వంచాం. “ప్రేమగల తండ్రీ, నీ దాసుడు కొనుక్కున్న ఈ... ఈ...” ఒక కన్ను తెరిచి దాన్ని ఇంకోసారి చూశారు. “ఈ పరికరము నిమిత్తము నీ సన్నిధికి వచ్చియున్నాము. దీనికి ఎన్నడూ పని కలుగనియ్యకుము.”

అందరికంటే గట్టిగా “ఆమేన్” అన్నది కరుణ. పులిహోర తింటూ ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చింది. “దిండు చక్కగా కుట్టారు అన్నయ్యగారూ. మా మనవరాలి ఉయ్యాలకి ఇలాంటిదొకటి కుట్టిపెట్టరూ?” రైఫిల్ గురించి ఎవరూ ఒక్క మంచిమాట అనలేదు.

ఆదివారం చర్చికి వెళ్లాం. మా తెలుగు ఆరాధన పదింటికని పేరే గాని, మొదలయ్యేసరికి పదకొండు, భోజనాలయ్యేసరికి మూడు. ఆ సమయంలో మా ఇల్లు ఖాళీ అని వీధిలో పోస్టుమాన్‌కి కూడా తెలుసు. తిరిగి వచ్చి చూస్తే వెనక తలుపు అద్దం పగిలి ఉంది.

కరుణ నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుతోనే హ్యూస్టన్ టికెట్ కొన్నంత పనైంది. పక్కింటావిడ తలుపు తట్టి పోలీసులకి ఫోన్ చేశాం. అధికారి వచ్చి, ముందు తాను లోపలికి వెళ్లి చూసి, మమ్మల్ని పిలిచాడు.

టీవీ ఉంది. కరుణ గొలుసు, గాజులు ఉన్నాయి. రైఫిల్ పెట్టిన, కోట్లు తగిలించే అలమర తలుపు మాత్రం తీసి ఉంది. రైఫిల్ లేదు.

“ఇక్కడికి రండి” అన్నాడు అధికారి.

భోజనాల బల్ల మీద వరసగా తోలు పట్టీ, మడత కాళ్లు, తూటాల సంచి, టార్చిలైటు, మా ఇంటిపేరుతో దుర్భిణి, మఖమల్ దిండు. పక్కన నా స్క్రూడ్రైవర్. మరలన్నీ కింద పడిపోకుండా దొంగ సాసర్లో వేసి పెట్టాడు.

“పోయింది ఏమిటి?” అధికారి అడిగాడు.

“రైఫిల్.”

“తూటాలున్నాయా అందులో?”

“లేవు. అవి ఆవిడ సూట్‌కేసులో భద్రంగా ఉన్నాయి.”

“అదొక్కటీ మంచి పని. ఎందుకు కొన్నారు దాన్ని?”

“దొంగలు రాకుండా.”

ఆయన కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇటు తిరిగాక దుర్భిణి చేతిలోకి తీసుకుని తొడుగు పీకి చూశాడు. నా జిగురు గట్టిది, రాలేదు.

“ఇది వాడు ఎక్కడ అమ్మజూపినా మీ పేరుతో సహా పట్టుబడతాడు. మిగిలినవి ఉంటే రైఫిల్ కోటు కింద ఇమడదు. అందుకని తీరిగ్గా కూర్చుని విప్పాడు. వీటన్నిటితో అసలు ఈ నడవాలో మలుపు తిరగడం ఎలా?”

“తిరగలేరండీ” అంది కరుణ. “మేం ట్రై చేశాం.”

అని నవ్వడం మొదలుపెట్టింది. రెండిళ్ల అవతల దొంగలు పడ్డ రోజు నుంచి ఆమె నవ్వు నేను వినలేదు. కుర్చీలో కూలబడి, దిండు పొట్టకి నొక్కుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. అధికారి ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

ఆయన వెళ్లాక నేను మెల్లగా అడిగాను. “టికెట్ ఏ రోజుకి కొనను?”

“ఏం టికెట్? దొంగంటే ఏ రాక్షసుడో అనుకుని వణికి చచ్చాను. వీడు మన టేబుల్ దగ్గర కూర్చుని, స్క్రూలు పోకుండా సాసర్లో పెట్టి వెళ్లాడు. ఇలాంటివాడికి జడిసి హ్యూస్టన్ పోతానా? మీరు రేపు వెనక తలుపుకి గట్టి తాళం వేయించండి. ఆప్షన్లు వద్దు.”

ఆమె ఇక్కడే పరీక్ష రాసింది, ఇక్కడే పాసైంది, ఇక్కడి ఆసుపత్రిలోనే రిటైరయ్యేదాకా పనిచేసింది. కొన్ని నెలల తరువాత రైఫిల్ దొరికిందనీ, వచ్చి తీసుకెళ్లమనీ పోలీసులు ఫోన్ చేశారు. నేను నోరు తెరిచేలోపు కరుణ ఫోన్ లాక్కుంది. “నో, థాంక్యూ. మీ దగ్గరే సేఫ్” అంది.

నిరుడు కరుణ సమాధి రాయి కోసం వెళ్లాను. కొట్టు మనిషి ఒక పెద్ద బొమ్మల పుస్తకం తెరిచాడు. దేవదూతలు, పావురాలు, గులాబీ అంచులు, బంగారు అక్షరాలు. ఏవి కావాలన్నాడు. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు చాలన్నాను. “మరీ బోడిగా ఉంటుందండీ” అన్నాడు. “ఉండనివ్వండి” అన్నాను.

కనుక నేను, ప్రకాశరావు అను వ్యక్తిని, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతం లేకుండా, సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. నాకు పేల్చడం రాని ఏ ఆయుధాన్నీ ఇకపై కొనను. పొరపాటున కొన్నా, దానికి ఏమీ తగిలించను. కష్టపడి నా ఇంటికి వచ్చిన దొంగ చేత స్క్రూడ్రైవర్ పట్టించే పాపం ఇంకెన్నడూ కట్టుకోను.