సెల్వరాజ్ చుక్కను కాసిన రోజు

కోలారు బంగారు గనుల్లో మనుషుల్ని కిందికి దించి, పైకి తెచ్చిన వాళ్లలో సెల్వరాజ్ ఒకడు. ఇరవై మూడేళ్లు, ఇనుప తాడు చుట్టి వదిలే వైండింగ్ ఇంజన్ నడిపాడు. ఆ పనిలో విడ్డూరం ఏమిటంటే, నడిపేవాడికి తను నడిపేది కనబడదు. మనుషులెక్కిన ఇనుప బోను ఎక్కడో పాతాళంలో, చీకట్లో ఉంటుంది. డ్రైవరు పైన ఇంజన్ గదిలో పెద్ద డయల్ ముందు కూర్చుంటాడు. బోను ఎంత లోతున ఉందో డయల్ మీది ముల్లు చెబుతుంది. ఆపాలో, దించాలో, లేపాలో కింద నుంచి గంట చెబుతుంది. మనుషులు బోనులో ఉన్నంతసేపూ డ్రైవరు లివరు మీంచి చెయ్యి తియ్యకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు.

సెల్వరాజ్ ఆ రూలును వేదవాక్కులా పాటించాడు. పెళ్లయిన కొత్తలో భార్య ఫ్లోరా క్యారియరు తెచ్చి ఇంజన్ గది గుమ్మంలో నిలబడితే, తల కూడా తిప్పలేదట మహానుభావుడు! ఆవిడ క్యారియరు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆ సంగతి ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లయినా ఎత్తి పొడుస్తుంది.

గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా, అతని సంసారం అక్కడే, లైన్ అని పిలిచే కార్మికుల ఇళ్ల వరసలోనే ఉంది. సెల్వరాజ్‌కి డెబ్బై రెండొచ్చాయి, మోకాళ్లు అరిగిపోయాయి. అలాంటి సమయంలో మాస్తి అనే ఊరి నుంచి ఫ్లోరా అక్క క్యాథరిన్ ఫోను చేసింది. మర్నాడు ఆమెకు కంటి ఆపరేషన్, తోడు ఎవరైనా ఉండాలి. ఫ్లోరా చీరలు సర్దుకుంది. సెల్వరాజ్ మాత్రం కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు.

"ఒంటిగా యెట్ల పోతావు మే? మాలూరులో బస్సు మారల్ల. తప్పిపోతే?"

ఆ గోల పడలేక కూతురు డయానా తల్లి ఫోనులో మూడు యాప్‌లు ఎక్కించింది. ఒకటి బస్సులది, ఒకటి ఆటోలది, ఒకటి దారి చూపేది. బస్సుల యాప్ తెరిచి చూస్తే, ఏడున్నర బస్సు అప్పుడే వెళ్లిపోయిందని చూపించింది. తీరా రాబర్ట్‌సన్‌పేట బస్టాండుకు పోతే ఆ బస్సు అక్కడే ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు. ఉన్న బస్సును పోయిందని చెప్పే యంత్రాన్ని ఎలా నమ్మాలో సెల్వరాజ్‌కి అర్థం కాలేదు.

ఫ్లోరాను బస్సెక్కించి ఇంటికొచ్చాక, డయానా తండ్రి ఫోనులో మ్యాపు తెరిచి పెట్టింది.

"అప్పా, ఈడ చూడు. ఈ నీలం చుక్కే అమ్మ. అమ్మ పోతా ఉంటే చుక్క పోతా ఉంటాది."

"నిలబడితే?"

"నిలబడతాది."

"యెందుకు నిలబడిందో యెవురు చెప్తారు?"

"అయ్యో, నువ్వు ఊరికే చూస్తా కూచోప్పా!" అని ఆమె పరుగెత్తింది. కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో ఆమె ఉద్యోగం. కంపెనీ బస్సు ఎవరి కోసమూ ఆగదు. లోపలికి పోయాక ఫోన్లు లాకరులో పెట్టేయాలి.

సెల్వరాజ్ కుర్చీ లాక్కుని, ఫోనును బైబిలుకు ఆనించి నిలబెట్టి, దాని ముందు కూర్చున్నాడు. చుక్క బంగారుపేట దాటింది, మాలూరు చేరింది. అక్కడ కాసేపు ఆగి మళ్లీ కదిలింది. కదులుతున్నంతసేపూ అతనికి బాగానే ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ డ్యూటీ ఎక్కినట్టు నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. అన్నం గిన్నె మూత కూడా తియ్యలేదు.

పదకొండున్నరకి చుక్క ఆగిపోయింది.

చుట్టూ అంతా పచ్చరంగు. మామిడి తోటలై ఉంటాయి. ఊరు లేదు, స్టాపు లేదు. ఐదు నిమిషాలు చూశాడు, పది చూశాడు. గనిలో ఒకసారి కరెంటు పోయి, పన్నెండు మందితో బోను నడిమధ్యలో నిలిచిపోయింది. గంటన్నరసేపు అతను బ్రేకు పట్టుకుని నిలబడ్డాడు. అందరూ క్షేమంగానే పైకొచ్చారు. ఆగిన ముల్లును చూడటం అంటే ఏమిటో ఆ పన్నెండు మందికి తెలియదు, అతనికే తెలుసు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? తనే ఫోను చేద్దామంటే, మ్యాపు మూసేస్తే మళ్లీ తెరవడం చేతకాదు. చుక్క పోతే ఫ్లోరా పోయినట్టే అనిపించింది. అంతలో ఫోను మోగి, మ్యాపు మీద ఏదో పెద్ద బొమ్మ వచ్చి చుక్కను కప్పేసింది. లోను కావాలా, ప్లాటు కావాలా అని రోజూ విసిగించేవాళ్లే అనుకుని, పేరైనా చదవకుండా ఎర్ర గుర్తు నొక్కేశాడు. చుక్క మళ్లీ కనబడింది. పానకంలో పుడకలా ఆ కాల్ మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కేశాడు. అలా నాలుగుసార్లయింది.

పక్కింటి నెల్సన్ వచ్చేసరికి సెల్వరాజ్ మొహం పాలిపోయి ఉంది. నెల్సన్ కూడా గని మనిషే. అడుగున నిలబడి సెల్వరాజ్‌కి గంటలు కొట్టినవాడు.

"ఏం సెల్వా, అట్లుండావు?"

సెల్వరాజ్ చెయ్యెత్తి మాట్లాడొద్దన్నాడు. తర్వాత ఉండబట్టలేక చెప్పాడు. "ఫ్లోరా నిలబడిపాయ నెల్సన్. ముక్కాలు గంటాయ. ముల్లు కదల్లేదు, గంటా రాలేదు. నాకేం తోచలేదప్పా."

అప్పుడే ఫోను మోగింది. సెల్వరాజ్ వేలు ఎర్ర గుర్తు మీదికి పోయింది. నెల్సన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తా ఉండావు? పేరు చూడు. గంట రాలేదంటావు, అది కొడతా ఉంటే నువ్వే దాని నోరు మూస్తా ఉండావు!"

సెల్వరాజ్ ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, బతికుండావా?" అని ఫ్లోరా అరిచింది. "నాలుగుసార్లు కొడితే నాలుగుసార్లూ కట్ చేస్తావా? పడిపోయినావేమోనని నాకీడ గుండె దడదడ!"

"చుక్క... తోటల్లో నిలబడిపాయ కదా..."

"చార్జి తక్కువుందని నెట్టు ఆపినాను. అక్క ఇంటికొచ్చి, కాఫీ తాగి, లోటా కూడా కడిగేసినాను."

సెల్వరాజ్‌కి ప్రాణం లేచి వచ్చింది. నవ్వబోయి, ఏడ్చినంత పని చేశాడు. "నువ్వు యెప్పుడూ ఒంటిగా పోలేదు కదా మే, అందుకే భయమాయ" అన్నాడు.



"యెవురు చెప్పినారు నీకు?" అంది ఫ్లోరా. ఈసారి గొంతులో కోపం లేదు. "గని మూసినాంక నువ్వు బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోలేదా? నేను నైటీలు కుట్టి, మూట కట్టుకోని ఊరూరా తిరిగినాను. క్యాసంబళ్ళి సంతకు పన్నెండేండ్లు పోయినాను. ఈ మాస్తికి కూడా యెన్నోసార్లు వచ్చినాను. నువ్వు ఆదివారం వచ్చి, అన్నం తిని పండుకొనేవాడివి. యాడ తిరిగినావని ఒక దినమన్నా అడిగినావా?"

ఆమె కుట్టేదని సెల్వరాజ్‌కి తెలుసు. కొనేవాళ్లు ఇంటికే వచ్చి తీసుకుపోతారని అనుకున్నాడు. అలాగని అతనికి ఎవరూ చెప్పలేదు, తనకు తానే అనుకున్నాడు. చాలా సిగ్గేసింది.

"పొద్దున యెన్నింటికి బయల్దేరేదానివి?" అన్నాడు.

"ఇప్పుడెందుకు ఆ ముచ్చట?"

"చెప్పు మే."

"ఐదున్నర బస్సుకి. పాప నిద్ర లేసేది కాదు. నెల్సన్ వాళ్లింట్లో పండబెట్టి పొయ్యేదాన్ని."

సెల్వరాజ్ ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నెల్సన్ వైపు తిరిగాడు.

"నీకు తెలుసునా?"

"ఈ లైన్లో అందరికీ తెలుసు" అన్నాడు నెల్సన్. "నువ్వు అడగలేదు కదప్పా."