షాహీన్‌కు భయం లేదు

2011. తెలంగాణ ఉద్యమం జోరుగ నడుస్తున్న రోజులు. సిద్దిపేటల ఒక చిన్న ప్రైవేటు దవాఖానల నేను స్టాఫ్ నర్సును. ఒక పొద్దున అంజద్ అనే ఆటో డ్రైవరు తన భార్య షాహీన్‌ను తీసుకొచ్చిండు.

షాహీన్ టైలరు. ఇంట్లనే మిషను పెట్టుకొని బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుట్టేది. ధర్నా అంటే ముందు వరుసల కూసునేది. ఆ నడుమ చేతులు వణుకుడు మొదలైంది. సూదిల దారం ఎక్కుతలేదు. గుండె దడ, ఒళ్లంత చెమట, ఎంత తిన్నా బక్కగైతనే ఉంది.

"పోలీసులు లాఠీలు పట్టుకొని ఎంబడి పడ్డప్పటి సంది గిట్లనే సిస్టర్. భయం పట్టుకున్నది. ఇగ ధర్నాలు బంద్ చెయ్యమని మీరన్న చెప్పున్రి" అన్నడు అంజద్.

షాహీన్ ఆయన దిక్కు కూడ చూడలే. "నాకు భయం లేదు సిస్టర్. చేతులెందుకు వణుకుతున్నయో గది చెప్పున్రి, చాలు."

అంతకుముందు ఎవరో భయానికని నిద్రగోలీలు ఇచ్చిన్రట. పారేసిన అన్నది.

మా డాక్టరమ్మ ఆమె మెడ మీద చెయ్యి పెట్టి గుటకెయ్యమన్నది. గొంతు ముందర చిన్న వాపు పైకి కిందికి కదిలింది. థైరాయిడ్ గ్రంథి ఉండే జాగ అదే. ఒంట్ల పనులు ఎంత వేగంగ నడవాల్నో అది విడిచే హార్మోన్లు నడిపిస్తయి. అవి మితిమీరితే హైపర్‌థైరాయిడిజం అంటం. గుండె ఉరుకుతది, ఆకలైతది గని ఒళ్లు కరుగుతది, చేతులు వణుకుతయి. బయటికి చూస్తే అచ్చం భయపడ్డ మనిషే.

"ఆమె పడుకున్నంక పల్సు చూడు" అన్నది డాక్టరమ్మ నాతోని. భయంతోని ఉరికే గుండె నిద్రల నిమ్మళమైతది. థైరాయిడుతోని ఉరికేది కాదు.

మధ్యాహ్నం దవాఖాన మంచం మీద షాహీన్‌కు కన్నంటుకున్నది. మెల్లగ మణికట్టు పట్టుకున్న. ముఖం ప్రశాంతంగ ఉన్నది, నాడి మాత్రం అట్లనే కొట్టుకుంటున్నది. అంజద్‌ను పిలిచి, అతని వేళ్లు ఆ నాడి మీద పెట్టిచ్చిన.

"నిద్రల ఎవలకు భయపడుతున్నది భాయ్?"

అంజద్ ఆ చెయ్యి పట్టుకొనే నిలబడ్డడు.

టి3, టి4, టిఎస్‌హెచ్ పరీక్షలకు రక్తం హైదరాబాదు పోవాలె. ఉద్యమం సమ్మెతోని బస్సులు బంద్. రిపోర్టు ఆలస్యమైతదని, గుండె వేగం తగ్గనీకి డాక్టరమ్మ ప్రొప్రనలాల్ గోలీలు మొదలుపెట్టింది.

లేసినంక షాహీన్ అన్నది: "రేపు ఉద్యమం దీక్షా క్యాంపుల నా వంతు. ఒక్క రోజు నిరాహారదీక్ష."

"కుదరదు. నీ ఒళ్లు తిన్నదంత కాలబెడుతున్నది. గుండె లయ తప్పితే ప్రాణం మీదికొస్తది. ఉపాసం ఉండొద్దు" అన్న నేను.

"విన్నవా?" అన్నడు అంజద్.

"విన్న. ఉపాసం వద్దన్నది. కూసునుడు వద్దనలే." నా దిక్కు తిరిగింది. "తిని కూసుంట. సరేనా?"

నీడల కూసోవాలె, గోలీలు టైముకు వేసుకోవాలె అని డాక్టరమ్మ ఒప్పుకున్నది.

తెల్లారి డ్యూటీకి వస్తూ క్యాంపు దగ్గర ఆగిన. టెంటు కింద షాహీన్ టిఫిన్ డబ్బా ఇప్పి రొట్టె తింటున్నది. ఒకాయన కోపంగ, "దీక్షల తినుడేందమ్మా? మా పరువు తీస్తవా?" అన్నడు.

"దీక్ష వాళ్లది అన్నా. నాది ధర్నా. నాకు జబ్బున్నది, తింటున్న. లేపుతవా? లేపు."

ఎవ్వరు లేపలే. పక్కన అంజద్ నీళ్ల సీస పట్టుకొని కూసున్నడు.

రిపోర్టు వచ్చింది. థైరాయిడు విడిచే హార్మోన్లు టి3, టి4 బాగ ఎక్కువ. థైరాయిడుకు పని చెప్పనీకి మెదడు కింద గ్రంథి పంపే టిఎస్‌హెచ్ దాదాపు లేనే లేదు. ఆ హార్మోన్లను తగ్గించే కార్బిమజోల్ గోలీలు చానా నెలలు వాడినంక వణుకు ఆగింది, ఒళ్లు మళ్ల వచ్చింది. ఈ జబ్బుల కొందరికి కండ్లు ముందుకొస్తయి. ఆమెవి గూడ వచ్చినయి, జబ్బు తగ్గినా అట్లనే మిగిలినయి. నల్లద్దాలు పెట్టుకోమని చుట్టాలంటే, "నా చూపుకు భయపడేటోళ్లను పెట్టుకోమను" అన్నదట.

వణుకు ఒంటిది, భయం మనసుది. రెండూ ఒకటే అనుకొని ఆడోళ్లకు ధైర్యం చెప్పి ఇంటికి పంపుడు లోకానికి అలవాటైంది. షాహీన్ తర్వాత, "నాకు భయం లేదు" అని ఏ ఆడమనిషి చెప్పినా నేను ముందు ఆ మాట నమ్ముత. తర్వాతనే నాడి పట్టుకుంట.