ఎంపీ గారి క్యాలెండరులో మా అవ్వ

కర్నూలులో మేము అద్దెకుండే ఇంటి కింది అంతస్తులో ఫ్లెక్సీలు అచ్చేసే దుకాణం ఉంది. ఎండ ముదిరే వేళకు, యంత్రంలోంచి అప్పుడే బయటపడ్డ బ్యానర్లను పనివాళ్లు తెచ్చి మా మెట్ల కటకటాల మీద ఆరబెడతారు. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి మెట్లెక్కేటప్పటికి చేతులు జోడించిన ఎవరో ఒక నాయకుడి మొహం మనిషెత్తున మెరుస్తూ ఉంటుంది, దాని మీదనుంచి కిరసనాయిలూ కొత్త రబ్బరూ కలిసినట్టుండే ఘాటైన వాసన వేడిగా లేస్తుంటుంది. పక్కింటివాళ్లు ముక్కు మూసుకుని దాటిపోతారు. నేను మాత్రం ఆ మొహం వైపు చూడకుండా గబగబా మెట్లెక్కేస్తాను. నేను ఆ వాసన మొదటిసారి పీల్చిన నాడు ఆ గుడ్డ మీద ఉన్నది మా అవ్వ.

మాది జిల్లా పడమటి అంచున, కన్నడమూ తెలుగూ ఒకే నోట పలికే ఒక చిన్న ఊరు. శెనక్కాయలు పీకడమూ, పత్తి చివరి ఏరుడూ అయ్యాక ఇంక చేలల్లో పని ఉండేది కాదు. క్రిస్మస్‌కు మాత్రం ఊరంతా ఉండేది. చర్చి గోడలకు సున్నం వేసి, రంగు కాగితాలు మైదా జిగురుతో అంటించి, ఇంటింటా కర్జికాయలు వేయించి, ఆ నూనె వాసన జుట్టుకు పట్టి ఉండగానే పెద్దవాళ్లు మూటలు కట్టడం మొదలుపెట్టేవాళ్లు. గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోయే ఆ వలసను మా వైపు సుగ్గి అంటారు. కోసిగి దిక్కునుంచి అప్పటికే సగం నిండి వచ్చిన లారీ మా ఊరి అడ్డరోడ్డులో ఆగేది. వంటపాత్రలు, చింతపండు మూట, జొన్నపిండి సంచి, గంపకింద కోళ్లు, వాటి నడుమ మా అమ్మా నాయనా. బడికి పోయే పిల్లలం కాబట్టి నన్నూ నాలాంటి కొందరినీ ముసలివాళ్ల దగ్గర వదిలి, ఉగాది దాకా కనిపించకుండా పోయేవాళ్లు.

నన్ను సాకింది మా నాయనమ్మ రూతమ్మ. నేను అవ్వా అనేదాన్ని. తెల్లవారక ముందే లేచి, ఊళ్లో అందరి పేర్లూ దేవుడికి ఒక్కొక్కటిగా గుర్తుచేస్తున్నట్టు గట్టిగా ప్రార్థన చేసేది. నాకు మెలకువ వచ్చేది ఆ పేర్లతోనే. తర్వాత సజ్జరొట్టె తట్టే చప్పుడు, పొయ్యిలో పత్తికట్టె పొగ, రోట్లో శెనక్కాయలూ ఎండుమిరపకాయలూ నూరుతుంటే కళ్లు మండించే ఘాటు. రొట్టె పెనం మీదనుంచి తీసి నా చేతిలో పెట్టి, "ఊదుకోని తిను పాపా, యాడికి పోతాది అది" అనేది. మధ్యాహ్నాలు చర్చి అరుగు మీద గచ్చకాయలు ఆడుకునేవాళ్లం. ఎండ చల్లబడ్డాక వంకకు పోయేవాళ్లం.

వంక అంటే వానాకాలంలో నాలుగు రోజులు పారి ఆగిపోయే వాగు. మిగతా ఏడాదంతా ఇసుకే. ఆ ఇసుకలో గుంత తవ్వితే అడుగున నీళ్లూరేవి. దాన్ని చెలిమె అనేవాళ్లం. అవ్వ లోపలికి దిగి టెంకాయ చిప్పతో గీకి గీకి నీళ్లు తీసి ఇస్తే, పైనున్న హుసేన్‌బీ కొంగుతో వడగట్టి బిందెలో పోసేది. హుసేన్‌బీ మా పక్కింటామె, పాత గుడ్డలతో బొంతలు కుట్టి బతికేది. ఆమె పీర్ల పండక్కి మలీదా పంపేది, మేము క్రిస్మస్‌కు కర్జికాయలు పంపేవాళ్లం. వాళ్లిద్దరూ చెలిమె దగ్గర మాట్లాడుకోని విషయం లేదు. నీళ్లు ఊరేదాకా కాచుకుని కూర్చోవాలి కాబట్టి మాటలకు కొదవ ఉండేది కాదు. ఎండాకాలం ముదిరి చెలిమె కూడా అడుగంటితే ప్రభుత్వ ట్యాంకరు వచ్చేది. అదొక్కటే మాకు తెలిసిన సర్కారు.

ఆ రోజుల్లోనే ఒక ఎంపీ మా ఊరిని దత్తత తీసుకున్నాడని తెలిసింది. ఆయన మేము ఓటేసిన మనిషి కాదు. ఢిల్లీలో పెద్దల సభలో సభ్యుడు. అక్కడ నోరు తెరిచేవాడో లేదో మాకు తెలియదుగానీ, ఇక్కడ ఆయన మొహం కనిపించని గోడ లేదు. బడి పుస్తకాల అట్టల మీద ఆయనే, కేబుల్ టీవీలో సినిమా మధ్య ఆయనే, కొత్త సంవత్సరం క్యాలెండరులో ఏసుప్రభువు కంటే పెద్దగా ఆయనే.

"దత్తత అంటే ఏందక్కా, మనల్ని సాకుతాడా?" అని హుసేన్‌బీ అడిగింది.

"సాకకపోయినా పాయె, పేరు మార్చకుంటే సాలు" అంది అవ్వ. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

నవ్వడం అదే ఆఖరనుకుంటాను. కొద్ది వారాల్లో బడి వెనక ఎత్తయిన సిమెంటు తొట్టి లేచింది, వీధివీధికీ పైపులు పాతారు, మా గుమ్మం ఎదురుగా మెరిసే కొళాయి నిలబడింది. పిల్లలం దాన్ని తాకడానికి వంతులు వేసుకున్నాం. ప్రారంభం రోజు పొద్దున్నే పెద్ద ట్యాంకరు ఒకటి బడి వెనక్కి పోవడం, దాని గొట్టం తొట్టిలోకి ఎక్కించడం మేమంతా చూశాం. తొట్టిని మొదటిసారి కడుగుతున్నారేమో అనుకున్నాం.

తెల్ల కార్లు వచ్చాయి. ఆయన దిగాడు. అత్తరు వాసన, ఇస్త్రీ మడతలు, చుట్టూ కెమెరాలు పట్టుకున్న మనుషులు. వాళ్లలో ఒకడు గుంపును కళ్లతో వెతికి, మొహం నిండా ముడతలూ నోట్లో రెండు పళ్లూ ఉన్న మా అవ్వను చెయ్యి పట్టి ముందుకు లాగాడు. ఎంపీ తన చేత్తో కొళాయి తిప్పి అవ్వ దోసిట్లో నీళ్లు పట్టాడు. చల్లటి నీళ్లు, గుమ్మం ముందర, వంగకుండా, గీకకుండా. అవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తాగి, మొహం పైకెత్తి, నోరారా అడిగింది:

"నాయనా, ఇవి రేపు గూడా వస్తాయా?"

ఆ క్షణంలోనే కెమెరాలు మెరిశాయి. ఆయన ఆమెకు జవాబు చెప్పలేదు. కెమెరా వైపు తిరిగి, "ఇక ఈ ఊరి నుంచి ఒక్కరు కూడా వలస పోరు" అన్నాడు. చప్పట్లు మోగాయి. కార్లు వెళ్లిపోయాయి.

సాయంత్రానికి తొట్టి ఖాళీ అయింది. ఆ పైపులను ఏ బోరుకూ ఏ బావికీ కలపలేదని తర్వాత తెలిసింది. ఊళ్లో బోరు వేసిందే లేదు. కొళాయి తిప్పితే గాలి బుస్సుమనేది. కొన్నాళ్లు పిల్లలం దానికి చెవి ఆనించి ఆ చప్పుడు వింటూ ఆడుకున్నాం, తర్వాత ఆ ఆటా విసుగేసింది.

ఫొటో మాత్రం ఆగలేదు. అడ్డరోడ్డులో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నోరు తెరిచి, తడిసిన గడ్డంతో, ఆకాశమంత ఆనందంతో ఉన్నట్టు మా అవ్వ. పక్కన ఆయన. పైన 'వలసలు ఆగిన ఊరు' అని ఎర్రటి అక్షరాలు. నేను దగ్గరికి పోయి అవ్వ చెంపను వాసన చూశాను. అవ్వ వాసన కాదది. ఆ ఏడు క్రిస్మస్ అయ్యాక సుగ్గి లారీ ఆ ఫ్లెక్సీ కిందనే ఆగింది. మా అమ్మ మూట పైకి అందిస్తూ ఒక్కసారి తలెత్తి దాన్ని చూసి, ఎక్కి కూర్చుంది.

ఎండాకాలం వచ్చింది. చెలిమె ఎండింది. ట్యాంకరు రాలేదు. మండలాఫీసుకు పోయి అడిగిన ఆడవాళ్లకు అక్కడి అధికారి గోడకున్న ఎంపీ గారి కొత్త క్యాలెండరు చూపించాడట. "మీ ఊరికి నీళ్లొచ్చినాయి కదమ్మా. ఇదిగో, మీ ముసలామే తాగుతాంది" అన్నాడట. మా ఊరికి ట్యాంకరు మంజూరు రాసే పనే లేదని తేల్చేశాడు.

ఆ కోపం అధికారి మీదా పడలేదు, ఎంపీ మీదా పడలేదు. వాళ్లు అందేవాళ్లు కాదు. అందింది మా అవ్వ. "నీ నవ్వు మొగం జూపిచ్చి మా బిందెలు ఎండబెట్నావు గదా రూతమ్మా!" అని ఒకామె వీధిలో నిలబడి అరిచింది. చర్చిలో అవ్వ పక్కన కూర్చోవడానికి కూడా వెనకాడారు. గచ్చకాయల ఆటలో నన్ను చేర్చుకోలేదు. హుసేన్‌బీ ఒక్కతే ఎప్పటిలాగే వచ్చి మా అరుగు మీద బొంత పరిచి కుట్టుకునేది. ఒక మధ్యాహ్నం ఆమె ఊరవతలి పాత దిగుడుబావిలోకి నీళ్లకు దిగింది. బిందె చంకనెత్తుకుని ఎక్కుతుండగా మెట్టు ఊడి పడిపోయింది. తుంటి విరిగింది. మంచం మీద మోసుకొచ్చారు. ఆమె మళ్లీ నడవలేదు.

ఆ రోజు అవ్వ రొట్టె చేయలేదు. హుసేన్‌బీ మంచం పట్టె మీద చెయ్యి వేసి కూర్చుని, "నా మొగం నాకు గావల్ల" అంది.

కొద్ది రోజులకు మండలంలోని కల్యాణమంటపంలో ఎంపీ సభ పెట్టాడు. తాను చేసిన పనుల గురించి అచ్చేయించుకున్న పుస్తకాన్ని తానే విడుదల చేసుకునే సభ. అట్ట మీద మా అవ్వే. అవ్వ ఉతికిన తెల్ల చీర కట్టి, నా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది. గుమ్మంలోనే ఆయన మనుషులు ఆమెను గుర్తుపట్టి పండగ చేసుకున్నారు. అట్ట మీది మనిషి నడిచొచ్చింది మరి! వేదిక ఎక్కించారు. ఆయన లేచి శాలువా కప్పాడు. మైకు చేతికిచ్చారు. రెండు మంచి మాటలు చెప్పమన్నారు.

అవ్వ మైకును ప్రార్థన చేసేటప్పటిలా రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ బొమ్మలో ఉండేది నేనే. ఆ పొద్దు నేను తాగింది ట్యాంకరు నీళ్లు. మళ్లా ఒక సుక్క రాలే. నేను నవ్వలే సారూ, రేపు గూడా వస్తాయా అని అడిగితి. నువ్వు చెప్పలే. మా హుసేనీ తుంటి ఇరిగి పడుండాది. ఇప్పుడు చెప్పు, రేపు..."

అక్కడ మైకు మూగబోయింది. అవ్వ పెదాలు కదులుతూనే ఉన్నాయి, మాట వినబడడం లేదు. ఎంపీ మొహంలో ఒక్క గీత మారలేదు. ఇంకో మైకు అందుకుని, "పెద్దావిడకు సంతోషంతో మాట తడబడుతోంది" అని ఆమె భుజం తట్టాడు. ముందు వరస చప్పట్లు కొట్టింది. మరునాటి పత్రికలో శాలువాతో అవ్వ ఫొటో, కింద 'కృతజ్ఞతలు తెలుపుతున్న వృద్ధురాలు' అని పడింది. ఎదిగాక ఎందరో అబద్ధాలకోరులను చూశాను. ఎదుటి మనిషి మొహమ్మీదే, ఆమె నోటిమాటనే తిప్పి అమ్ముకున్నవాణ్ని ఆయన తర్వాత చూడలేదు.

కానీ మైకు ఆగేలోపు, సభకు వచ్చిన మా ఊరివాళ్లు కొందరు ఆ మాటలు విన్నారు. వీధిలో అరిచిన ఆమే మా గుమ్మానికి వచ్చి, అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ వారంలోనే, ఏ ప్రకటనా లేకుండా, ట్యాంకరు వచ్చింది. అవ్వ ఆ శాలువాను చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుని బిందె మోసేది, ముందుగా హుసేన్‌బీ ఇంటికి. జరీ అంచు మట్టిలో కలిసిపోయేదాకా అట్లాగే వాడింది. హుసేన్‌బీ రెండేళ్లకు పోయింది. అవ్వ, నేను టీచరునయ్యేదాకా ఉండి, ఉద్యోగంలో నా మొదటి క్రిస్మస్‌కు ముందు పోయింది.

ఎంపీ గారు ఇప్పటికీ ఉన్నారు. పెద్దల సభలోంచి దిగిపోయినా ఫోన్లలోంచి దిగలేదు. మొన్నొక మధ్యాహ్నం బడిలో ఉండగా ఫోను వచ్చింది. ఆయన ప్రచారం చూసే కుర్రాడట, రాయచోటి వైపు మాట, మర్యాద తెలిసిన గొంతు.

"మేడమ్, ఆ అవ్వ మనవరాలు మీరే కదా? సార్ దత్తత ఊరి పిల్ల టీచరయింది అని ఒక చిన్న వీడియో చేస్తాండాము. రెండు మాటలు చెప్తే సాలు."

"ఆ ఊరికి నీళ్లు వచ్చినాయా తమ్ముడూ?" అని అడిగాను.

"అది నాకు తెలీదు మేడమ్. నాకు వీడియో పని చెప్పినారు."

"అయితే మా ఊరికి రా. మే నెలలో రా. కెమెరా తెచ్చుకో. అక్కడ మాట్లాడతాను."

ఆ కుర్రాడు ఏ కోపమూ లేకుండా, "వద్దులే మేడమ్, ఇంకో అవ్వను చూసుకుంటాము" అని పెట్టేశాడు.

చూసుకోనీ. పోయిన క్రిస్మస్ దాటాక, సుగ్గి లారీ కదిలిన వారానికి, నేను మా ఊరు వెళ్లాను. వంకలో ఇసుకను లారీలు ఎత్తుకుపోయాయి, తవ్వడానికి బండరాయి తప్ప ఏమీ మిగల్లేదు. సుగ్గికి ఇప్పుడు ముసలివాళ్లనూ పిల్లలనూ కూడా తీసుకుపోతున్నారు, ఇంటి దగ్గర వదిలితే నీళ్లు తెచ్చేవాళ్లు లేరని. మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. తెల్లవారుజామున ప్రార్థనలో మన పేరు పలికే గొంతు ఒక్క ఇంట్లోనూ లేదు.